చేతిలో ఫోన్: ఈసారి అన్నీ స్లైడ్ ఫోన్ల ఉత్తరాలే

కిందటి సంచికలో బటన్ ఫోన్ల గురించి రాస్తూ స్లైడ్ ఫోన్ల మాట, అంటే పై పలకను జరిపితే కింద దాచిన బటన్లు బయటపడే ఫోన్ల మాట, ఒక్క వాక్యంలో ఎత్తాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. బీరువాలో దాచుకున్న ఫోన్ల గురించి కొందరు రాశారు. ఇప్పుడు కొత్తగా కొనాలన్న సరదాతో కొందరు రాశారు. ఏళ్ల తరబడి రిపేరు బల్ల ముందు కూర్చుని ఈ ఫోన్లను విప్పి బిగించినదాన్ని కాబట్టి తెలిసినంతవరకు వివరంగానే చెబుతాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను.

*

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. పాత నోకియా ఎన్95 ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫొటోల్లో కొత్తదానిలా మెరిసిపోతోంది. స్టైల్ కోసమే కొంటున్నాను, అందులో దాపరికం లేదు. చేతికి వచ్చాక ఏమేం చూడాలి?
— ఒక విద్యార్థిని

జవాబు: స్టైల్ కోసం కొనడంలో తప్పేమీ లేదమ్మా. స్లైడ్ ఫోన్ అందమంతా దాని కదలికలో ఉంటుంది. ఆ కదలిక ఫొటోలో కనపడదు. అందుకే ఫోన్ చేతిలోకి తీసుకుని చూసేదాకా కొంటానని మాట ఇవ్వకండి.

ఎన్95ని 2006లో ప్రకటించారు, 2007లో అమ్మకానికి వచ్చింది. అంత పాత ఫోన్ కొత్తగా మెరిసిపోతోందంటే నాకు ముందు వచ్చే అనుమానం, పై బాడీ మార్చారని. మార్చడం నేరం కాదు గానీ, ఒరిజినల్ కాని బాడీతో చిక్కేమిటంటే గాడి కొలత సరిగ్గా కుదరదు. స్క్రూల తలలు చూడండి, అరిగి గుండ్రంగా అయ్యాయంటే ఎవరో చాలాసార్లు విప్పారన్నమాట. పై పలకకీ కింది పలకకీ మధ్య సందు చుట్టూరా ఒకేలా ఉందో లేదో వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఒక మూల సన్నగా, ఒక మూల వెడల్పుగా ఉంటే స్లైడ్ ఒకవైపు రాసుకుంటూ తిరుగుతోందని అర్థం.

ఇక కళ్లు మూసుకోండి. నిజంగానే చెబుతున్నాను. కళ్లు తెరిచి ఉంటే స్క్రీన్ మెరుపే చూస్తారు. బొటనవేలితో పై పలకను బాగా నిదానంగా పైకి తోయండి. సగం దూరం వరకు మీరు తోయాలి, ఆ తర్వాత స్ప్రింగు తానే లాక్కుని టక్కున చివరికి చేర్చాలి. మూసేటప్పుడూ అంతే. సగంలో వదిలేస్తే అటో ఇటో పోవాలి తప్ప మధ్యలో ఆగిపోకూడదు. ఆగిందంటే స్ప్రింగు నీరసపడింది. తోసేటప్పుడు వేలికి గరుకు తగిలితే గాడిలో దుమ్ము ఉంది, అది శుభ్రం చేసుకోవచ్చు. ఒకేచోట ప్రతిసారీ చిన్న తడబాటు తగిలితే గాడి అరిగింది లేదా వంగింది, అది దుమ్ములా తుడిస్తే పోయేది కాదు. తెరిచి ఉంచి కింది పలకను గట్టిగా పట్టుకుని పై పలకను అటూ ఇటూ మెల్లగా కదపండి. వయసుకి తగ్గ కొద్దిపాటి లూజు ఎలాగూ ఉంటుంది. ఒకవైపు మాత్రమే ఎక్కువగా ఊగితే వద్దు.

ఎన్95కి రెండు దిక్కుల స్లైడ్ ఉంది. పైకి తోస్తే అంకెల బటన్లు, కిందికి తోస్తే పాటల బటన్లు వస్తాయి. కిందికి తోసినప్పుడు స్క్రీన్ దానంతటదే అడ్డంగా తిరగాలి. తిరగకపోతే స్లైడ్ ఎక్కడుందో ఫోన్‌కి తెలియడం లేదన్నమాట. రెండు దిక్కులూ పరీక్షించండి. చాలామంది పైకి ఒకసారి తోసి సరే అనేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇది. మీ సిమ్ వేసి ఎవరికైనా ఫోన్ చేయండి. అవతలివాళ్లు మాట్లాడుతుండగా స్లైడ్‌ను నిదానంగా కొంచెం కొంచెంగా తెరుస్తూ వినండి. మూస్తే కాల్ కట్ అయ్యే ఫోన్లుంటాయి కాబట్టి తెరిచే దిక్కుగానే చేయండి. చెవి దగ్గరి స్పీకర్ పై పలకలో ఉంటుంది, ఫోన్ బుర్ర కింది పలకలో ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే రిబ్బన్ పాడవుతుంటే ఏదో ఒకచోట గొంతు తెగుతుంది, గరగరమంటుంది. అలా తెగిందంటే స్క్రీన్ కూడా తొందర్లోనే పోతుంది.

ఈ కాల్‌తోనే ఇంకో సంగతీ తేలిపోతుంది. ఎన్95కి 2జీ, 3జీ మాత్రమే తెలుసు, 4జీ రాదు. ఆ పాత నెట్‌వర్కులు ఆపేసిన చోట, లేదా మీ సిమ్ కంపెనీ కాల్స్‌ను 4జీ మీదే నడుపుతున్న చోట, ఇది ఎంత బాగున్నా కెమెరాగా, పాటల పెట్టెగా మాత్రమే మిగులుతుంది. డబ్బు ఇచ్చాక తెలుసుకునే సంగతి కాదు ఇది. వాట్సాప్ గురించి ఆశ పెట్టుకోకండి, ఇలా సింబియన్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఫోన్లకు దాని సపోర్టు 2017 జూన్ 30తోనే ఆగిపోయింది. ఇప్పటి నానో సిమ్‌ను ఇందులో వేయాలంటే అడాప్టర్ కావాలి. సిమ్ లేకుండా ఖాళీ అడాప్టర్‌ను మాత్రం ఎప్పుడూ తోయకండి. బయటికి లాగేటప్పుడు లోపలి పిన్నులు అందులో చిక్కుకుని వంగిపోతాయి.

*#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు), బ్యాటరీ కింది స్టిక్కర్ మీది నంబరు ఒకటేనా చూసుకోండి. బ్యాటరీ గురించి పేచీ పెట్టుకోకండి, అది మార్చుకునే వస్తువు. కొత్తగా ఉన్నప్పుడే ఎన్95కి ఇచ్చింది 950 ఎంఏహెచ్, అప్పట్లోనే సాయంత్రానికి చార్జర్ వెతుక్కునేవాళ్లు. తర్వాత వచ్చిన 8 జీబీ మోడల్‌లో దాన్ని 1200 చేశారు. వెనక కెమెరాకి ఉన్న చిన్న మూత తెరిస్తే కెమెరా దానంతటదే ఆన్ కావాలి, అదీ చూడండి.

బాడీ మీద గీతలున్నా, బటన్ల మీద అంకెలు కాస్త చెరిగినా పట్టించుకోవద్దు. స్లైడ్ బాగుండి, కాల్ బాగా వినిపించి, గీతలున్న ఫోన్ దొరికితే నేనైతే మెరిసేదాన్ని వదిలేసి దాన్నే తీసుకుంటాను.

*

ప్రశ్న: నా శాంసంగ్ స్లైడ్ ఫోన్ మూసి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. తెరవగానే స్క్రీన్ తెల్లగా అయిపోతోంది. డిస్‌ప్లే పోయింది, మార్చాలి అన్నారు. నిజమేనా?
— ఒక లెక్చరర్

జవాబు: మీరు రాసిన రెండు వాక్యాల్లోనే జవాబు ఉందండి. మూస్తే బాగుంది, తెరిస్తే పోతోంది. డిస్‌ప్లే పోతే స్లైడ్ ఎక్కడుందన్న తేడా దానికి ఉండదు. ఇది నూటికి తొంభై పాళ్లు రిబ్బన్ జబ్బు.

ఆ రిబ్బన్ ఏమిటో చెబుతాను, ఎందుకంటే స్లైడ్ ఫోన్ ఆయుష్షు అంతా దాని మీదే ఆధారపడి ఉంది. పాలీఇమైడ్ అనే పల్చటి గోధుమరంగు ప్లాస్టిక్ రేకు మీద వెంట్రుక కంటే సన్నటి రాగి దారులు వరసగా పరిచి ఉంటాయి. రెండు పలకల మధ్య అది మడిచి ఉంటుంది, యూ ఆకారంలో. మీరు స్లైడ్ జరిపినప్పుడల్లా ఆ మడత రిబ్బన్ పొడవునా పాకుతూ వెళ్లి, మూసినప్పుడు తిరిగి వస్తుంది. ఇనప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే కాసేపటికి గట్టిపడి తెగినట్టే, ఆ రాగి కూడా వంగీ వంగీ ఒకచోట చిట్లుతుంది. మొదట్లో చీలిక పూర్తిగా విడిపోదు. మూసినప్పుడు రెండు కొసలూ తాకుతుంటాయి, తెరిచినప్పుడు విడిపోతాయి. మీ ఫోన్ ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉంది.

తెల్లగా వెలగడం మంచి గుర్తు. స్క్రీన్ వెనక దీపానికి కరెంటు అందుతోందన్నమాట, బొమ్మ మోసుకొచ్చే దారి మాత్రమే తెగింది. ఏ దారి తెగిందన్నదాన్ని బట్టి లక్షణం మారుతుంది. ఒకరికి గీతలు పడతాయి, ఒకరికి చెవి స్పీకర్ మూగబోతుంది, ఒకరికి పై పలక మీది బటన్లు పనిచేయవు. జబ్బు మాత్రం ఒకటే.

బాగుచేసేవారి దగ్గరికి వెళ్లినప్పుడు, డిస్‌ప్లే జోలికి పోకముందు వేరే రిబ్బన్ తగిలించి చూడమనండి. మీ మోడల్‌కి సరిపోయే రిబ్బనే కావాలి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. కొన్ని మోడళ్లలో రెండు కొసలా క్లిప్పు కనెక్టర్లుంటాయి, ఊడదీసి తగిలిస్తే సరి. కొన్నింట్లో డిస్‌ప్లేకి అతికించే వస్తుంది, అప్పుడు మాత్రం డిస్‌ప్లేతో పాటు మార్చక తప్పదు, ఆ మాట నిజమే అవుతుంది. కొత్త రిబ్బన్ పెట్టాక స్క్రూలు బిగించకముందే స్లైడ్‌ను మీ ఎదుట చాలాసార్లు ఆడించమనండి. రిబ్బన్ ఎక్కడైనా ముడత పడి ఇరుక్కుంటే కొత్తది కూడా త్వరగానే చిట్లుతుంది.

అప్పటిదాకా ఫోన్ తెరవకండి. మూసి ఉన్న స్థితిలోనే స్క్రీన్ కనపడుతోంది కదా, ముందు నంబర్లు, ఫొటోలు బయటికి తీసేసుకోండి. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ తాకుతున్న కొసలు కూడా విడిపోతాయి.

చిన్న రిబ్బన్ పోయిందని ఎన్ని మంచి ఫోన్లు చెత్తబుట్టలోకి వెళ్లాయో నా కళ్లతో చూశాను. ఆ బాధ వల్లే ఇంత పొడవు రాశాను, ఏమనుకోకండి.

*

ప్రశ్న: స్లైడ్ గాడిలో కొంచెం కొబ్బరినూనె వేస్తే మెత్తగా జారుతుందని మా బాబాయి అంటున్నారు. వేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. కొబ్బరినూనే కాదు, ఏ నూనే వద్దు. రెండు రోజులు మెత్తగా జారుతుంది, ఆ తర్వాత జేబులోని దుమ్మంతా దానికి అంటుకుని ముద్దవుతుంది. ఆ ముద్ద మెల్లగా రిబ్బన్ దాకా పాకుతుంది. ఫోన్ ఆపి, బ్యాటరీ తీసి, పొడి మెత్తని బ్రష్‌తో గాడి వెంట దులపండి. మొండి మురికైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి కొద్దిగా అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే బ్యాటరీ పెట్టండి. మీ బాబాయిగారికి నా మాటగా చెప్పండి.

*

ప్రశ్న: మా నాన్నగారికి టచ్ ఫోన్ నచ్చడం లేదు. చేతులు కొంచెం వణుకుతాయి, బొటనవేలి కీలు నొప్పి. చిన్నదిగా అందంగా ఉంటుందని స్లైడ్ ఫోన్ ఇద్దామనుకుంటున్నాను. మంచిదేనా?
— ఒక కూతురు

జవాబు: నాన్నగారి గురించి ఇంత ఆలోచించి అడిగారు, సంతోషం. కానీ ఆయన చేతులకు స్లైడ్ సరిపోదమ్మా. మడతపెట్టే ఫ్లిప్ ఫోన్ గానీ, మామూలు బటన్ ఫోన్ గానీ తీసుకోండి.

కారణం ఫోన్ పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. స్లైడ్ తెరవాలంటే నాలుగు వేళ్లతో వెనక పట్టుకుని బొటనవేలితో తోయాలి. భారమంతా ఆయనకు నొప్పి ఉన్న ఆ ఒక్క కీలు మీదే పడుతుంది. ఫ్లిప్ అయితే రెండు చేతులతో తెరుచుకోవచ్చు. తెరిచాక ఇంకో ఇబ్బంది ఉంది. అంకెల పై వరస, అంటే 1, 2, 3 బటన్లు, సరిగ్గా పై పలక అంచు కింద ఉంటాయి. చాలా మోడళ్లలో 2 నొక్కబోతే గోరు ఆ అంచుకి తగులుతుంది. వేళ్లు సన్నగా, స్థిరంగా ఉన్నవాళ్లకు అలవాటైపోతుంది. వణికే చేతికి ప్రతి నంబరూ ఒక పరీక్షే. పైగా తెరిచిన స్లైడ్ ఫోన్‌లో బరువు పైకి పోతుంది, కింది కొసన పట్టుకుని నొక్కుతుంటే వెనక్కి వాలిపోతుంది.

ఆయన ఇదివరకు స్లైడ్ వాడినవారై, అదే కావాలంటే మాత్రం కాదనకండి. అలవాటైన వస్తువు ఇచ్చే ధైర్యం వేరు. స్క్రీన్ కింద బొటనవేలు ఆనించడానికి చిన్న గట్టు ఉన్న మోడల్ చూడండి. స్లైడ్ తెరిస్తే కాల్ ఎత్తేలా సెట్టింగ్ పెట్టండి. మూస్తే కాల్ కట్ అయ్యే సెట్టింగ్ ఉంటే దాన్ని తీసేయండి, లేకపోతే మాట మధ్యలో చెయ్యి వణికి మూసుకుపోయి, ఫోన్ పెట్టేశారని అవతలివాళ్లు అపార్థం చేసుకుంటారు.

*

ప్రశ్న: మొట్టమొదటి స్లైడ్ ఫోన్ నోకియా 8110 అని నేను, కాదని మా తమ్ముడు. పందెం కాశాం. ఎవరు గెలిచారు?

జవాబు: మీ తమ్ముడే గెలిచాడు, కానీ మీరూ పూర్తిగా ఓడిపోలేదు. 1996లో వచ్చిన 8110లో జరిగేది బటన్లను కప్పే మూత మాత్రమే. స్క్రీన్ కదలదు. స్క్రీన్ ఉన్న పై భాగమే జరిగే అసలు స్లైడ్ ఫోన్లకు మొదటిదిగా చెప్పుకునేది సీమెన్స్ ఎస్ఎల్10, 1990ల చివర్లో వచ్చింది. ‘ది మ్యాట్రిక్స్’ సినిమాలో చూపించినట్టు బటన్ నొక్కగానే మూత సర్రున జారడం కూడా అసలు 8110లో లేదు. ఆ స్ప్రింగు మూత 1999లో 7110కి వచ్చింది. 8110 ఆకారాన్ని 2018లో 4జీ ఫోన్‌గా మళ్లీ తెచ్చారు, కాబట్టి పందెంలో పోయిన పరువు అక్కడ కొంచెం రాబట్టుకోవచ్చు.

*

ప్రశ్న: ఎల్‌జీ చాకొలెట్ ఫోన్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఎర్రగా వెలిగే ఆ బటన్లంటే నాకు ప్రాణం. కానీ స్లైడ్ తెరిచేటప్పుడల్లా ఏదో ఒక మెనూ తెరుచుకుంటుంది. పాడైందా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: పాడవలేదండి. మీ చాకొలెట్, అదే కేజీ800, అప్పట్లో నా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా నేనూ కాసేపు చూస్తూ ఉండిపోయేదాన్ని. ఆరిపోయి ఉంటే నల్లటి పలక, వేలు పెడితే ఎర్రటి గుర్తులు. 2006లో అలాంటిది ఇంకోటి లేదు.

ఆ ఎర్ర బటన్లు నొక్కుడుతో పనిచేయవు, వేలు తాకితే చాలు. వాటిని పెట్టింది కూడా ఎక్కడ? స్లైడ్ తోయడానికి బొటనవేలు సహజంగా వెళ్లి ఆనే చోటే. తెరుద్దామని తోస్తారు, ఫోనేమో బటన్ తాకారనుకుంటుంది. ఇది మీ ఫోన్ లోపం కాదు, ఆ డిజైన్ లోపం. స్లైడ్ ఫోన్‌ను అంచనా కట్టేటప్పుడు నేను ముందు వెతికేది బొటనవేలికి చోటు ఎక్కడిచ్చారని. ఆ చోటు ఇవ్వని ఫోన్‌కి, ఎంత అందమైనా సరే, నేను పూర్తి మార్కులు వేయను.

మీరు చేయాల్సింది సులువే. ముందువైపు తాకకుండా, పై పలక రెండు పక్కల అంచులను బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని జరపండి. రెండు చేతులు వాడినా తప్పులేదు. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. చేతులకు చెమట ఎక్కువైతే తుడుచుకుని పట్టుకోండి, తడికి ఆ బటన్లు ఇంకా తికమక పడతాయి.

*

ప్రశ్న: పాత స్లైడ్ ఫోన్ నుంచి తెలుగులో మెసేజ్ పంపితే నాలుగు ముక్కలు రాసేసరికే రెండో మెసేజ్‌కి వెళ్లిపోతోంది. ఫోన్‌లో లోపమా?

జవాబు: లోపమేమీ లేదు. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌కి 160 పడతాయి. తెలుగు చేరిన మరుక్షణం 70కి పడిపోతుంది. పైగా గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్కదానికే ఆరు పోతాయి. ఏ ఫోన్‌లోనైనా లెక్క ఇదే. మీరు పంపింది అవతల డబ్బాలుగా కనపడితే మాత్రం ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం.

*

ప్రశ్న: బ్యాటరీ కొంచెం ఉబ్బింది. స్లైడ్ బిగుతుగా జరుగుతోంది. వెనక మూత నొక్కి పెడితే పడుతోంది. వాడొచ్చా?

జవాబు: వాడకూడదు. నొక్కి పెట్టడం ఇవాళే ఆపేయండి. ఫోన్ ఆపి, బ్యాటరీ బయటికి తీసి, చార్జింగ్ పెట్టకుండా, గుచ్చకుండా, చెత్తలో పడేయకుండా పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇవ్వండి. లోపల గ్యాస్ చేరి ఉబ్బిన లిథియం బ్యాటరీ అది, మంటలు లేవొచ్చు. కొత్తది వేశాక స్లైడ్ బిగుతు దానంతటదే పోతుంది. పోకపోతే బాడీ వంగింది, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

*

ప్రశ్న: ఇంత అందమైన స్లైడ్ ఫోన్లు ఇప్పుడెందుకు రావడం లేదు? ఇప్పటి ఫోన్లన్నీ ఒకేలా ఉన్నాయి.
— ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది

జవాబు: ఈ ప్రశ్న అడిగినవాళ్లందరూ నా మనసులో మాట అడిగారు.

స్లైడ్ ఎందుకు పుట్టిందో చూస్తే ఎందుకు పోయిందో తెలుస్తుంది. స్క్రీన్ పెద్దది కావాలి, బటన్లూ కావాలి, ఫోన్ మాత్రం జేబులో పట్టాలి. అందుకే ఒకదాని కింద ఒకటి దాచారు. 2005లో శాంసంగ్ డి500కి, అప్పట్లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో జరిగే మొబైల్ మహాసభలో ఉత్తమ ఫోన్ అవార్డు వచ్చింది. అదే ఏడాది నోకియా 8800 వచ్చింది. స్టీలు బాడీ, లోపల బాల్ బేరింగుల మీద జారే స్లైడ్. ఆ ఫోన్ మూసినప్పుడు వచ్చే చప్పుడు విన్నవాళ్లు మర్చిపోలేరు. అందులో బ్యాటరీ 600 ఎంఏహెచ్ మాత్రమే. అంత అందానికి అదే ఖరీదు. రెండు పలకలకు రెండు బాడీలు, మధ్యలో సందు, గాడి, స్ప్రింగు, ఇవన్నీ చోటు తినేస్తే బ్యాటరీకి మిగిలేది అంతే. ఎన్95 మందం 21 మిల్లీమీటర్లు. శాంసంగ్ యు600ని 2007లో 10.9 మిల్లీమీటర్లకు తెచ్చారంటే, లోపల విప్పి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అది మామూలు పనితనం కాదు.

అదే 2007లో ఐఫోన్ వచ్చింది. బటన్లు స్క్రీన్ మీదికే ఎక్కేశాయి. దాచాల్సిన బటన్లే లేకపోతే స్లైడ్‌కి పనేముంది? వెంటనే పోలేదు లెండి. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్‌టీసీ డ్రీమ్, స్వయానా పక్కకి జరిగే స్లైడ్ ఫోనే. 2010లో బ్లాక్‌బెర్రీ టార్చ్, 2015లో ప్రివ్ వచ్చాయి. 2018లో షావోమీ మి మిక్స్ 3 వచ్చింది. అందులో స్లైడ్ కింద దాచింది బటన్లను కాదు, సెల్ఫీ కెమెరాను. స్ప్రింగు బదులు అయస్కాంతాలు వాడారు. మూడు లక్షల సార్లు జరిపినా తట్టుకుంటుందని కంపెనీ చెప్పింది. రోజుకు వందసార్లు జరిపితే ఎనిమిదేళ్లు. కానీ స్క్రీన్‌కే చిన్న రంధ్రం పెట్టి కెమెరా అమర్చడం మొదలయ్యాక ఆ అవసరమూ తీరిపోయింది. నీళ్లు, దుమ్ము చొరబడని ఫోన్లు కావాలని జనం అడగసాగారు. జరిగే సందు ఉన్న ఫోన్‌ను అలా మూసేయడం చాలా కష్టం.

ఈ కారణాలన్నీ సబబే. అయినా ఒక మాట గట్టిగా చెబుతాను. ఫోన్ మూస్తే పని అయిపోయింది అన్న భావన చేతికి తెలిసేది స్లైడ్‌లోనూ ఫ్లిప్‌లోనూ మాత్రమే. మూయగానే బటన్లు లాక్ అవుతాయి, కాల్ ముగుస్తుంది, జేబులోకి వెళుతుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి మూయడమనేదే లేదు. స్లైడ్ ఫోన్లు మళ్లీ రావాలని నేను కోరుకునేది పాత జ్ఞాపకాల కోసం కాదు, ఆ ఒక్క సుగుణం కోసం.

*

ప్రశ్న: మా అన్నయ్య ఇప్పుడు లేడు. అతను వాడిన స్లైడ్ ఫోన్ నా దగ్గరే ఉంది. చార్జింగ్ పెడితే బటన్ల లైట్లు వెలుగుతున్నాయి, వైబ్రేషన్ వస్తోంది, స్క్రీన్ మాత్రం రావడం లేదు. అందులో మేము పంపుకున్న మెసేజ్‌లున్నాయి. పోయినట్టేనా?
— ఒక తమ్ముడు

జవాబు: పోలేదు బాబూ, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. లైట్లు వెలిగి, వైబ్రేషన్ వస్తోందంటే ఫోన్ లేస్తోంది. చాలా స్లైడ్ ఫోన్లలో మెమరీ ఉన్న బోర్డు కింది పలకలో, బ్యాటరీ పక్కన ఉంటుంది. స్క్రీన్ ఉన్న పై పలకకి దారి తెగి ఉంటుంది, అంతే. మెసేజ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి.

మీరు చేయకూడనివి ముందు చెబుతాను. ఫార్మాట్, రీసెట్, సాఫ్ట్‌వేర్ వేయడం, ఈ మూడింట్లో ఏదీ ఎవర్నీ చేయనివ్వకండి. స్క్రీన్ రాకపోతే సాఫ్ట్‌వేర్ వేద్దాం అనడం కొందరికి అలవాటు. వేస్తే మెసేజ్‌లు పోతాయి. లాక్ కోడ్ అడిగితే ఊరికే ఊహించి నొక్కకండి. నోకియా అయితే, అన్నయ్య మార్చి ఉండకపోతే, కంపెనీ పెట్టిన కోడ్ 12345.

మెమరీ కార్డు ఉంటే ఇవాళే తీసి కంప్యూటర్‌లో కాపీ చేసుకోండి. ఫొటోలు, రికార్డింగులు ఎక్కువగా అందులోనే ఉంటాయి. మెసేజ్‌లు మాత్రం ఎక్కువగా ఫోన్ మెమరీలో ఉంటాయి, కొన్ని సిమ్‌లో కూడా ఉండొచ్చు, కాబట్టి పాత సిమ్‌ను పారేయకండి. తర్వాత బాగుచేసేవారి దగ్గరికి వెళ్లి స్పష్టంగా ఇలా చెప్పండి: ఫోన్ వాడుకోవడానికి కాదు, ఒక్కసారి స్క్రీన్ వస్తే చాలు. అప్పుడు పాత రిబ్బనైనా, ఇంకో ఫోన్‌లోంచి తీసిన డిస్‌ప్లే అయినా తాత్కాలికంగా తగిలించి చూపించగలరు. స్క్రీన్ వచ్చాక స్లైడ్ కదపకుండా బల్ల మీదే ఉంచి, ఆ ఫోన్ కంపెనీవాళ్ల కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో, నోకియాకి పీసీ సూట్, మొత్తం బ్యాకప్ తీయించండి. అది కుదరకపోతే ఒక్కో మెసేజ్ తెరిచి మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తేదీ, టైము కూడా ఫొటోలో పడేలా చూసుకోండి. కాపీ రెండు చోట్ల పెట్టుకోండి.

ఫోన్ మోడల్ నంబరు బ్యాటరీ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. అది రాసి నాకు పంపితే, బోర్డు ఏ పలకలో ఉందో, రిబ్బన్ విడిగా వస్తుందో డిస్‌ప్లేతో వస్తుందో వచ్చే సంచిక దాకా ఆగకుండా విడిగా జవాబు రాస్తాను.